మేనరికం, మెగ్నీషియం, క్లాడిన్-16

ఆరేడేళ్ల పిల్లలకు స్కానింగ్‌లో రెండు కిడ్నీల్లోనూ సున్నం పేరుకున్నట్టు కనబడితే మన వైపు ముందుగా వినబడే మాట ఒకటే: "నీళ్లు తాగడు, బోరు నీళ్లు పడలేదు." అనంతపురం ఎండల్లో చెమట పట్టి, మూత్రం చిక్కబడి రాళ్లు కావడం పెద్దవాళ్లలో రోజూ చూసేదే. చిన్నపిల్లలకు ఆ లెక్క చాలదు. అందులోనూ రెండు కిడ్నీల లోపలి భాగం, అంటే మెడుల్లా, ఒకే తీరుగా తెల్లగా మెరుస్తుంటే అసలే చాలదు. అమ్మానాన్నలది మేనరికమైతే రక్తంలో మెగ్నీషియం ఎంతుందో చూడకుండా ఆ రిపోర్టును పక్కన పెట్టకూడదు. మామూలుగా రాసే కిడ్నీ పరీక్షల్లో యూరియా, క్రియాటినిన్, సోడియం, పొటాషియం ఉంటాయి, మెగ్నీషియం ఉండదు. విడిగా రాయించుకోవాల్సిందే.

దీని వెనక క్లాడిన్-16 అనే ప్రోటీన్ లోపంతో పుట్టుకతో వచ్చే కిడ్నీ జబ్బు ఉండొచ్చు. మెగ్నీషియమే ఎందుకో తెలియాలంటే కిడ్నీ గొట్టంలో, అంటే వడపోసిన నీళ్లు మూత్రంగా మారే సన్నటి గొట్టంలో, రెండు కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోటికి వెళ్లాలి.

కిడ్నీ గొట్టం, పేగు, మూత్రాశయం, వీటన్నిటి లోపలి గోడా పక్కపక్కన ఒరుసుకుని నిలబడ్డ కణాల పొరే. కణానికీ కణానికీ మధ్య పది ఇరవై నానోమీటర్ల సందు ఉంటుంది. గొట్టం లోపలి వైపు చేరేసరికి ఆ సందు మూసుకుపోతుంది, పక్క కణాల పైపొరలు అక్కడక్కడ అతుక్కున్నట్టే కనిపిస్తాయి. అదే టైట్ జంక్షన్. 1963లో మారిలిన్ ఫార్‌క్వార్, జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి దీన్ని వివరంగా రాశారు. అక్కడ ఏ ప్రోటీన్లున్నాయో తేలడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. 1986లో లోపలి వైపు ఆనుకుని ఉండే జెడ్‌ఓ-1 దొరికింది, 1993లో పైపొరలోనే ఉండే ఆక్లూడిన్ దొరికింది. సందు మూసేది ఆక్లూడినే అని అంతా అనుకున్నారు. తీరా ఆక్లూడిన్ జన్యువు తీసేసిన కణాలు కూడా చక్కగా టైట్ జంక్షన్లు కట్టుకున్నాయి. ఇంకేదో ఉందని క్యోటో విశ్వవిద్యాలయంలో షోయిచిరో సుకితా, మికియో ఫురుసే బృందం కోడి కాలేయం నుంచి జంక్షన్లను వేరుచేసి వెతికి, 1998లో క్లాడిన్-1, క్లాడిన్-2లను బయటపెట్టింది. మనుషుల్లో ఇప్పుడు లెక్కకొచ్చిన క్లాడిన్లు ఇరవైకి పైనే.

క్లాడిన్ చిన్న ప్రోటీన్, 20 నుంచి 27 కిలోడాల్టన్ల బరువు. కణం పైపొర గుండా నాలుగుసార్లు అటూ ఇటూ దూరుతుంది. రెండు ఉంగరాలు బయటికి ఉంటాయి, అవి పక్క కణం క్లాడిన్‌ను పట్టుకుంటాయి. మొదటి ఉంగరం మీదున్న అమైనో ఆమ్లాల్లో రుణావేశం ఎక్కువుంటే సోడియం, కాల్షియంలాంటి ధన అయాన్లు దూరగలవు, ధనావేశం ఎక్కువుంటే క్లోరైడ్ దూరుతుంది. తోక కణం లోపల ఉంటుంది. దాని చివరి కొన్ని అమైనో ఆమ్లాలు జెడ్‌ఓ-1లోని పీడీజెడ్ అనే భాగంలో ఇమిడిపోతాయి, జెడ్‌ఓ-1 కణానికి ఆకారమిచ్చే ఆక్టిన్ పోగులకు కట్టుకుని ఉంటుంది.

అంటే టైట్ జంక్షన్ అడ్డుగోడ మాత్రమే అనుకుంటే జబ్బులు అర్థం కావు. చెరువు కట్టకు తూము ఎలాగో, ఈ కట్టకు క్లాడిన్లు అలాగ: ఏ కట్టకు ఏ తూము పెట్టారన్నదాన్ని బట్టి ఏది పారుతుందో ఏది ఆగుతుందో తేలుతుంది. కిడ్నీ గొట్టం మొదటి భాగంలో క్లాడిన్-2 ఉంటుంది, సోడియాన్నీ నీళ్లనూ పోనిస్తుంది. మూత్రాశయంలో ఎన్నో వరుసల బిగువైన జంక్షన్లుంటాయి, దాదాపు ఏదీ దూరదు. కిడ్నీ గొట్టం కిందికి దిగి మళ్లీ పైకెక్కే వంపును హెన్లీ లూప్ అంటారు, అందులో పైకెక్కే మందపాటి భాగంలో క్లాడిన్-16, క్లాడిన్-19 జంటగా ఉంటాయి. మన కథంతా ఈ జంటదే.

పెద్దమనిషి కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడపోస్తాయి. అందులో దాదాపు 2,400 మిల్లీగ్రాముల మెగ్నీషియం గొట్టాల్లోకి దిగుతుంది. మూత్రంలో పోయేది వంద మిల్లీగ్రాముల ప్రాంతం. తక్కినదంతా వెనక్కి రావాలి. సోడియం, కాల్షియం ఎక్కువగా గొట్టం మొదటి భాగంలోనే వెనక్కి వస్తాయి, మెగ్నీషియానికి అక్కడ పావు వంతు కూడా రాదు. 60 నుంచి 70 శాతం ఈ మందపాటి భాగంలోనే, అదీ కణం లోపలి నుంచి కాదు, కణాల మధ్య సందులోంచే వస్తుంది. దాన్ని నెట్టే బలం కరెంటు. ఎన్‌కేసీసీ2 అనే పంపు గొట్టంలోంచి ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ లాక్కుంటుంది. ఆ పొటాషియం రోమ్‌కే అనే దారిలో మళ్లీ గొట్టంలోకి దిగుతుంది, క్లోరైడ్ రక్తం వైపు వెళ్లిపోతుంది. దాంతో గొట్టం లోపల పది మిల్లీవోల్టుల దరిదాపు ధన వోల్టేజీ నిలుస్తుంది. ఆ వోల్టేజీ మెగ్నీషియాన్నీ కాల్షియాన్నీ సందులోకి నెడుతుంది, క్లాడిన్-16, 19 జంట వాటికి దారి ఇస్తుంది. గుండెజబ్బు వాళ్లు వాడే ఫ్యూరోసెమైడ్, మనం లాసిక్స్ అనే మాత్ర, ఎన్‌కేసీసీ2ను ఆపేస్తుంది. వోల్టేజీ పడిపోతుంది, మెగ్నీషియం, కాల్షియం రెండూ మూత్రంలో పోతాయి. క్లాడిన్-16 లేకుండా పుట్టిన పిల్లలకు ఇదే నష్టం ఏ మాత్రా వేయకుండానే పుట్టినప్పటి నుంచీ జరుగుతుంటుంది.

క్లాడిన్-16 అచ్చంగా మెగ్నీషియం తూమేనా అన్నదాంట్లో రెండు వాదాలున్నాయి. మెగ్నీషియం, కాల్షియం నేరుగా దాన్లోంచే దూరతాయన్నది ఒకటి. ఈ జంట ముఖ్యంగా సోడియాన్ని పోనిచ్చి క్లోరైడ్‌ను ఆపుతుందనీ, ఆ తేడాతో పుట్టే అదనపు వోల్టేజీయే మెగ్నీషియాన్ని నెడుతుందనీ రెండోది. రెండో దానికి కణాల మీద చేసిన ప్రయోగాల బలం గట్టిగా ఉంది. రోగికి మాత్రం రెండిట్లోనూ దక్కే ఫలితం ఒకటే.

1999లో రిచర్డ్ లిఫ్టన్ బృందం ఈ జబ్బున్న కుటుంబాల్లో వెతికి ఈ జన్యువును పట్టుకుంది. అప్పుడు పెట్టిన పేరు పారసెల్లిన్-1, తర్వాత క్లాడిన్-16 అని స్థిరపడింది. అయాన్లు కణాల మధ్య సందులోంచి పోవడంలో ఒక ప్రోటీన్ పాత్ర ఉందని ఒక జబ్బు ద్వారా రుజువైంది అప్పుడే. క్లాడిన్-19 సంగతి 2006లో తేలింది. జబ్బు పేరు పొడవైనది, ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఎఫ్‌హెచ్‌హెచ్‌ఎన్‌సీ అంటారు. అందులో మూడు ముక్కలు గుర్తుంటే చాలు: రక్తంలో మెగ్నీషియం తక్కువ, మూత్రంలో కాల్షియం ఎక్కువ, కిడ్నీ కణజాలంలో సున్నం.

పిల్లల్లో ఈ జబ్బు ఎలా బయటపడుతుంది? కొందరు ఏడాది రెండేళ్లప్పుడే మళ్లీ మళ్లీ మూత్రంలో ఇన్ఫెక్షన్, వాంతులు, బరువు పెరగకపోవడంతో వస్తారు. చాలామందికి అతిగా దాహం, అతిగా మూత్రం, పెద్దయినా పక్క తడపడం. కొందరికి చేతులు కాళ్లు ఈడ్చుకుపోవడం, ఫిట్స్. కొందరికి కాళ్లు వంకర. కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ కిడ్నీ ఇంకా బాగున్న రోజుల్లోనే పెరిగి ఉంటుంది. 2008లో వచ్చిన ఒక పరిశీలనలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే క్లాడిన్-16 జన్యువు రెండు ప్రతులూ పూర్తిగా చెడిన పిల్లలకు లక్షణాలు సగటున 2.2 ఏళ్లకు మొదలైతే, ఒక ప్రతి కొంతైనా పనిచేసే వాళ్లకు 5.6 ఏళ్లకు మొదలయ్యాయి. పదిహేనేళ్లు వచ్చేసరికి మొదటి గుంపులో సగానికి పైగా పిల్లలకు డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడి అవసరమైంది. ఇంత తొందరగా కిడ్నీలు పోయే జబ్బును "నీళ్లు తాగించండి" అని ఇంటికి పంపడం నాకు మింగుడుపడదు.

ల్యాబ్ దగ్గర

మెగ్నీషియం రిపోర్టు తప్పుగా రావడానికి దారులు చాలా ఉన్నాయి. ఊదా మూత ట్యూబులో తీసిన రక్తంతో చేస్తే మెగ్నీషియం, కాల్షియం రెండూ లేనంత తక్కువగా వస్తాయి, ఎందుకంటే ఆ ట్యూబులోని ఈడీటీఏ వాటిని పట్టేసుకుంటుంది. ముందు ఊదా ట్యూబు నింపి తర్వాత అదే సూదితో సీరం ట్యూబు నింపినా కొద్దిగా కలిసే అవకాశముంది. గుర్తుపట్టడం తేలికే: అదే రిపోర్టులో కాల్షియం అడుగంటి, పొటాషియం ఆకాశంలో ఉంటే ఆ రక్తం మళ్లీ తీయాల్సిందే, ఎందుకంటే ఆ ట్యూబులో ఉండేది పొటాషియం ఈడీటీఏ. దీనికి ఎదురు తప్పు రక్తకణాలు పగలడం. ఎర్ర కణాల్లో మెగ్నీషియం సీరంలోకన్నా మూడింతల దాకా ఉంటుంది. ఏడుస్తున్న పిల్లాడి చేతిని గట్టిగా పిండి తీసిన రక్తంలో కణాలు పగిలి, తక్కువగా ఉన్న మెగ్నీషియం మామూలుగా కనబడుతుంది. సీరం గులాబీ రంగులో ఉందేమో టెక్నీషియన్‌ను అడగాలి. సాధారణ పరిధి డెసిలీటరుకు 1.7 నుంచి 2.4 మిల్లీగ్రాములు, ల్యాబును బట్టి కొంచెం అటూ ఇటూ.

తక్కువ వస్తే అసలు ప్రశ్న: పోతున్నది కిడ్నీ నుంచా, పేగు నుంచా? దీనికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. ఒకే పూట తీసిన రక్తం, మూత్రం, రెండిట్లోనూ మెగ్నీషియం, క్రియాటినిన్ ఉంటే చాలు. మూత్రం మెగ్నీషియాన్ని రక్తం క్రియాటినిన్‌తో గుణించాలి. రక్తం మెగ్నీషియాన్ని మూత్రం క్రియాటినిన్‌తో గుణించి, దాన్ని మళ్లీ 0.7తో గుణించాలి. మొదటి దాన్ని రెండో దానితో భాగించి వందతో గుణిస్తే, వడపోతలో దిగిన మెగ్నీషియంలో ఎంత శాతం మూత్రంలో పోతోందో వస్తుంది. ఆ 0.7 ఎందుకంటే రక్తంలో మెగ్నీషియం మూడో వంతుకు దగ్గరగా ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది, అది వడపోతలో దిగదు. ఉదాహరణకు రక్తం మెగ్నీషియం 1.1, రక్తం క్రియాటినిన్ 0.6, మూత్రం మెగ్నీషియం 5, మూత్రం క్రియాటినిన్ 40 అనుకుందాం, అన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. పైన 3, కింద 30.8, వచ్చేది 9.7 శాతం. రక్తంలో అంత కరువున్నప్పుడు బాగున్న కిడ్నీ 2 శాతం లోపే వదలాలి. నాలుగు దాటితే కారుతున్నది కిడ్నీలోనే.

ఇక్కడే గ్యాస్ మాత్ర సంగతి. ఓమెప్రజోల్, పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునే పెద్దవాళ్లలోనూ మెగ్నీషియం బాగా పడిపోతుంది. అక్కడ పోయేది పేగులో, కిడ్నీ తన శాయశక్తులా ఆపుకుంటుంది, కాబట్టి ఈ శాతం తక్కువ వస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మాత్ర మానితే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

తిండి సరిపోక మెగ్నీషియం పడిపోయిందని చెప్పేస్తే ఒప్పుకోకండి. మన సీమలో ఇది మరీ అతకదు. వంద గ్రాముల రాగిపిండిలో 130 మిల్లీగ్రాములకు పైనే మెగ్నీషియం ఉంటుంది. జొన్న, సజ్జ, చెనిక్కాయలు కూడా తక్కువ తిన్నవి కావు. సంగటి తినే ఇంట్లో పిల్లాడికి 1.1 వస్తే ఎక్కడో కారుతోందని అర్థం.

మూత్రంలో కాల్షియానికి 24 గంటల మూత్రం పట్టమంటారు. ఉదయం ఆరుకు పోసిన మొదటి మూత్రం పారబోయాలి, అక్కడి నుంచి మర్నాడు ఆరింటి మూత్రం దాకా అంతా పట్టాలి. డబ్బాలో ల్యాబు వాళ్లు ముందే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి ఇస్తారు, కాల్షియం లవణాలు అడుగున పేరుకోకుండా. పిల్లల్ని నేరుగా ఆ డబ్బాలో పోయనివ్వకూడదు, కాలుతుంది. మగ్గులో పట్టి మెల్లగా వంచాలి. కిలో బరువుకు రోజుకు 4 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువే. చిక్కేమిటంటే ఈ పిల్లలు పక్క తడుపుతారు, రాత్రి మూత్రం సగం దుప్పటిలో పోతుంది. అంకె తక్కువొచ్చి, "కాల్షియం బాగానే ఉంది" అని రిపోర్టు చేతికొస్తుంది. అందుకే చిన్నపిల్లలకు ఉదయం ఒక్క మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్ నిష్పత్తి చూడడమే నయం. రెండూ మిల్లీగ్రాముల్లో కొలిస్తే, ఏడేళ్లు దాటిన వాళ్లకు అది 0.2 ప్రాంతం దాటకూడదు. ఏడాది రెండేళ్ల వాళ్లకు 0.5 దాకా మామూలే. పెద్దవాళ్ల అంకెతో పసిపిల్లల రిపోర్టును కొలవకూడదు.

ఇంకో మాయ ఉంది. కిడ్నీలు సగం పైగా దెబ్బతిన్నాక వడపోతే తగ్గుతుంది, మెగ్నీషియం వదలడమూ తగ్గుతుంది. అప్పుడు రక్తంలో మెగ్నీషియం మామూలుగానే వస్తుంది, మూత్రంలో కాల్షియమూ దిగుతుంది. పన్నెండేళ్లకు క్రియాటినిన్ 3తో వచ్చిన పిల్లాడిలో మెగ్నీషియం 1.8 ఉందని ఈ జబ్బును కొట్టేయడానికి లేదు. పాత రిపోర్టులు వెతకాలి, తమ్ముడికో చెల్లెలికో పరీక్ష చేయాలి.

పోలిన జబ్బుల్ని తొందరగా చెబుతాను. కిడ్నీ గొట్టం ఆమ్లాన్ని మూత్రంలోకి వదలలేని జబ్బు, డిస్టల్ రీనల్ ట్యూబులార్ అసిడోసిస్‌లో కూడా మెడుల్లా ఇలాగే మెరుస్తుంది, కానీ పొటాషియం తక్కువ, రక్తంలో ఆమ్లం ఎక్కువ, మూత్రం పీహెచ్ 5.5 కిందికి దిగదు. గిటెల్‌మన్, బార్టర్ అనేవి గొట్టం లవణాల్ని నిలుపుకోలేని పుట్టు జబ్బులు. గిటెల్‌మన్‌లో మెగ్నీషియం తక్కువే, కానీ పొటాషియమూ తక్కువ, మూత్రంలో కాల్షియం బాగా తక్కువ. బార్టర్‌లో పొటాషియం తక్కువ, రక్తం క్షారం వైపు. విటమిన్ డి ఎక్కువైతే రక్తంలోనే కాల్షియం పెరుగుతుంది. కాళ్లు వంకరున్నాయని ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజక్షన్ చేయించే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. క్లాడిన్ లోపమున్న పిల్లాడికి అది చేస్తే మూత్రంలో కాల్షియం ఇంకా పెరిగి సున్నం ఇంకా పేరుకుంటుంది. అందుకే ఇంజక్షన్‌కు ముందు మూత్రం పరీక్ష.

పళ్లు, కళ్లు

అనంతపురం జిల్లాలో ఈ జబ్బు కళ్ల ముందే దాక్కునే చోటు ఒకటుంది. క్లాడిన్-16 పంటి గట్టి పైపూతను, అంటే ఎనామెల్‌ను, తయారుచేసే కణాల్లో కూడా ఉంటుంది. అది లేని పిల్లల పళ్లు పసుపు పచ్చగా, గరుకుగా, పెళుసుగా వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లున్న పల్లెలో పళ్లు గారపట్టి, కాళ్లు వంకరైతే "ఫ్లోరైడే" అనడం సహజం, ఎక్కువసార్లు నిజమూ అదే. కానీ ఫ్లోరైడ్ అదే నీళ్లు తాగిన ఈడు పిల్లలందరి మీదా ఎంతో కొంత కనబడుతుంది. వీధిలో అందరి పళ్లూ ఒక రకంగా ఉండి ఒక్క ఇంటి పిల్లల పళ్లే వేరుగా ఉంటే, ఆ పిల్లలు చెంబులకు చెంబులు నీళ్లు తాగుతుంటే, కడుపు స్కానింగ్ ఒకటి తీయించాలి.

క్లాడిన్-19 చెడితే కళ్లు కూడా చెడతాయి, ఎందుకంటే అది కంటి వెనక రెటీనా పొరలోనూ పనిచేస్తుంది. నల్లగుడ్లు నిలకడ లేకుండా ఊగడం, బాగా ఎక్కువ మైనస్ పవరు, రెటీనా నడుమ చూపు తేటగా ఉండే చోటు, అంటే మాక్యులాలో, పుట్టుకతోనే లోటు. కళ్లద్దాల దుకాణం నుంచి పెద్దాసుపత్రి కంటి విభాగం దాకా తిరిగే ఈ పిల్లలకు కిడ్నీ స్కానింగ్ ఎవరూ రాయరు. కళ్లు ఊగే పిల్లాడికి దాహం ఎక్కువా అని కంటి డాక్టరు ఒక్క ప్రశ్న అడిగితే కొన్నేళ్లు ముందే దొరుకుతారు.

జన్యు పరీక్ష రిపోర్టు చదవడం

మేనరికాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. లెక్క మాత్రం చెప్పాలి. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడాలి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లాడితే వాళ్ల బిడ్డలో ఏ జన్యువుకైనా రెండు ప్రతులూ ఒకే ముత్తాత మూలం నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. తరతరాలుగా ఇచ్చిపుచ్చుకుంటున్న ఇళ్లలో ఇంకా ఎక్కువ. జపాన్‌లో నల్ల జాతి గొడ్లలో ఇదే క్లాడిన్-16 జన్యువు ముక్క ఎగిరిపోయి, దూడలు కిడ్నీలు చెడి, గిట్టలు పొడవుగా పెరిగి చచ్చేవి. పేరున్న కొన్ని ఆబోతుల వీర్యమే అంతటా వాడడం దానికి మూలం. పరీక్ష పెట్టి, లోపం మోసే ఆబోతుల్ని గుర్తించి ఆపగలిగారు.

రిపోర్టులో ఒక గందరగోళం తప్పకుండా ఎదురవుతుంది. మనిషి క్లాడిన్-16 జన్యువులో ప్రోటీన్ మొదలయ్యే చోట్లు రెండు కనిపిస్తాయి. ప్రోటీన్లు మెథియోనిన్ అనే అమైనో ఆమ్లంతో మొదలవుతాయి. మొదటి మెథియోనిన్ నుంచి లెక్కిస్తే 305 అమైనో ఆమ్లాలు, 71వ స్థానంలోని మెథియోనిన్ నుంచి లెక్కిస్తే 235. కణంలో నిజంగా పనిచేసేది 235ది. పాత పత్రాలు 305తో లెక్కించాయి, కొత్తవి కొన్ని 235తో. అందుకే జర్మనీ, తూర్పు యూరప్ కుటుంబాల్లో ఎక్కువగా కనబడే ఒకే మార్పు, అంటే ఒక స్థానంలో లూసిన్ (ఎల్) పోయి ఫినైలలనిన్ (ఎఫ్) రావడం, ఒక చోట ఎల్151ఎఫ్ అనీ, ఇంకో చోట ఎల్81ఎఫ్ అనీ ఉంటుంది. తేడా 70 వస్తే రెండూ ఒకటే. రెండు వేర్వేరు లోపాలున్నాయని కంగారుపడనక్కర్లేదు.

ఈ మార్పుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది టీ233ఆర్. తోక చివర, జెడ్‌ఓ-1ను పట్టుకునే చోట, త్రియోనిన్ పోయి ఆర్జినిన్ వచ్చింది. తూములో ఏ లోపమూ లేదు. జెడ్‌ఓ-1 పట్టు దొరక్క ఆ ప్రోటీన్ జంక్షన్‌లో నిలవలేదు, కణంలో చెత్తను కరిగించే లైసోసోముల్లోకి పోయి నాశనమైంది. ఈ మార్పున్న పిల్లలకు చిన్నప్పుడు మూత్రంలో కాల్షియం బాగా ఎక్కువగా పోయి, ఈడొచ్చే వయసుకు తగ్గింది. ఒక ప్రోటీన్ బాగుండడమూ, ఉండాల్సిన చోట ఉండడమూ రెండు వేరు పనులని దీన్ని మించి చూపించేది నాకు కనబడలేదు.

కృష్ణదేవరాయ, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు ఇక్కడ ఒక మాట. క్లాడిన్-16ను కణాల్లో పెట్టి చూడాలనుకుంటే మెథియోనిన్-71 నుంచే క్లోన్ చేయండి. పొడవైనది జంక్షన్‌కు సరిగ్గా చేరదు. ల్యాబులో పెంచే కిడ్నీ కణాల్లో కణరకం ఎంపిక కూడా ముఖ్యం: ఎల్‌ఎల్‌సీ-పీకే1 కణాల్లో పెడితే సోడియం దూరడం స్పష్టంగా పెరిగింది, ఎండీసీకే కణాల్లో అంతగా తేడా రాలేదు, ఎందుకంటే అవి ముందే ధన అయాన్లకు అనుకూలం. జంక్షన్ బిగువును ఓమ్‌లలో కొలిచేటప్పుడు కణాలు లేని ఖాళీ ఫిల్టరు అంకె తీసేసి, మిగిలినదాన్ని ఫిల్టరు వైశాల్యంతో గుణించాలి. 12 మిల్లీమీటర్ల ఇన్సర్టు వైశాల్యం 1.12 చదరపు సెంటీమీటర్లు. అంకె 220, ఖాళీది 110 అయితే వచ్చేది 123. ఇంక్యుబేటరు నుంచి తీసి బల్ల మీద పెట్టి కబుర్లు చెప్పుకుంటే కణాలు చల్లబడి నిరోధం పెరుగుతుంది, ఏదో సాధించామనిపిస్తుంది. ప్రతిసారీ ఒకే వ్యవధిలో, ఒకే వేడిలో, ఎలక్ట్రోడు ఒకే కోణంలో పెట్టి కొలవాలి.

పెద్దవాళ్ల రాళ్లకూ ఈ కుటుంబంతో సంబంధముంది. క్లాడిన్-14 అనేది ఆ మందపాటి భాగంలోనే 16, 19 జంటకు అడ్డుపడుతుంది. రక్తంలో కాల్షియం పెరిగితే అక్కడి కాల్షియం గ్రాహకం క్లాడిన్-14ను పెంచుతుంది, తూము మూసుకుని అదనపు కాల్షియం మూత్రంలో పోతుంది. 2009లో ఐస్‌లాండ్, నెదర్లాండ్స్ రోగుల జన్యువులు పరిశీలిస్తే క్లాడిన్-14లోని సాధారణ తేడాలు రాళ్ల ముప్పుతో ముడిపడి కనిపించాయి. ఇదే క్లాడిన్-14 చెవి లోపల కూడా ఉంటుంది, రెండు ప్రతులూ చెడితే పుట్టు చెవుడు. అది 2001లో పాకిస్తాన్‌లోని మేనరికపు కుటుంబాల్లో తేలింది. జెడ్‌ఓ-2 చెడితే పసిపిల్లలకు పైత్యరసం ఆగిపోయే తీవ్రమైన కాలేయ జబ్బు, క్లాడిన్-1 చెడితే చేపపొలుసు చర్మం, పైత్యనాళాల జబ్బు కలిసి వస్తాయి. అన్నీ రెండు ప్రతులూ చెడితేనే వచ్చేవి.

రాళ్లున్న పెద్దవాళ్లు క్లాడిన్-14 పరీక్ష చేయించుకోనక్కర్లేదు, దాంతో వైద్యం మారదు. మూత్రం రోజుకు రెండున్నర లీటర్లు పోవాలి. మే నెలలో పొలం పని చేసేవాళ్లు దానికి తాగాల్సింది మూడు లీటర్లకు చాలా పైన. ఉప్పు తగ్గించాలి: మూత్రంలో సోడియం పెరిగితే దాని వెంట కాల్షియమూ పోతుంది, ఆరు గ్రాముల ఉప్పుకు సుమారు 40 మిల్లీగ్రాముల లెక్కన. ఊరగాయ, మజ్జిగ మిరపకాయలు, వడియాలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

టైట్ జంక్షన్ల పేరు చెప్పి "లీకీ గట్", అంటే కారే పేగు, బాగుచేసే పొడులు, పేగు జంక్షన్లను వదులు చేసే జొనులిన్ అనే ప్రోటీన్‌ను కొలిచే పరీక్షలు అమ్ముతున్నారు. పేగు జబ్బుల్లో క్లాడిన్-2 పెరగడం, జంక్షన్లు వదులవడం నిజమే. కానీ మార్కెట్లోని జొనులిన్ కిట్లు కొలవాల్సిన ప్రోటీన్‌ను కొలవడం లేదని 2018 నుంచీ పరిశోధకులు చూపించారు. జంక్షన్లను బిగించే లారజోటైడ్ అనే మందు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో చివరి దశ పరీక్ష దాకా వెళ్లి 2022లో ఆగిపోయింది. ఆ డబ్బు పెట్టి మెగ్నీషియం పరీక్ష చేయించుకోండి.

జబ్బు తేలాక

మెగ్నీషియం నోటి ద్వారా ఇస్తారు. రోజు మోతాదును మూడు నాలుగు భాగాలు చేసి ఇవ్వాలి. ఒకేసారి ఇస్తే విరేచనాలు పట్టుకుంటాయి, రక్తంలో ఒక్కసారి పెరిగినది వెంటనే మూత్రంలో పోతుంది. సిట్రేట్ రూపం ఆక్సైడ్ కన్నా బాగా ఒంటబడుతుంది, పైగా సిట్రేట్ రాళ్లను ఆపేందుకూ పనికొస్తుంది. మూత్రంలో కాల్షియం తగ్గించడానికి హైడ్రోక్లోరోథయాజైడ్ వాడతారు, దాంతో మెగ్నీషియం ఇంకొంచెం పోవచ్చు, పొటాషియం కూడా చూసుకోవాలి. ఈ మందులతో కిడ్నీ దెబ్బతినడం ఆగుతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు, ఈ సంగతి అమ్మానాన్నలకు దాచకుండా చెప్పాలి. కిడ్నీ పనితీరు తగ్గేకొద్దీ మెగ్నీషియం మోతాదు తగ్గించాలి, లేకపోతే ఒంట్లో పేరుకుంటుంది. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్ ఇవ్వాలి, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఇవ్వకూడదు.

కొండపిండి ఆకు రసం, ఉలవకట్టు గురించి అందరూ అడుగుతారు. ఈ సున్నం గొట్టంలో ఇరుక్కున్న రాయి కాదు, కణజాలంలోనే కూరుకుపోయింది. రసంతో కరగదు, షాక్ వేవ్‌లతో పగలగొట్టేదీ కాదు. ఉలవకట్టు ఉప్పు లేకుండా తాగితే నష్టం లేదు, కిడ్నీ బాగా తగ్గిపోయి పొటాషియం పెరిగిన పిల్లలకు మాత్రం వద్దు.

కిడ్నీ మార్పిడి చేస్తే మెగ్నీషియం జబ్బు పూర్తిగా పోతుంది. లోపం ఉన్నది కిడ్నీ గొట్టాల్లోనే, కొత్త కిడ్నీకి క్లాడిన్-16 ఉంటుంది. కళ్లు మాత్రం మారవు. దాతగా అమ్మో నాన్నో ముందుకొస్తే, వాళ్లిద్దరూ ఒక చెడు ప్రతిని మోస్తున్నవాళ్లే. అలాంటి కొందరిలో మూత్రంలో కాల్షియం ఎక్కువగా ఉండి రాళ్లు కూడా అవుతాయి. అందుకని 24 గంటల మూత్రంలో కాల్షియం చూసి, సీటీ స్కాన్‌లో సున్నం లేదని తేలాకే తీసుకోవాలి. తోబుట్టువు ఇస్తానంటే జన్యు పరీక్ష తప్పనిసరి. తర్వాత కాన్పులో పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు అలాగే ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఇప్పటికే ఉన్న పిల్లలందరికీ, లక్షణాలు లేకపోయినా, ఈ వారమే రక్తంలో మెగ్నీషియం, ఒక మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్, ఒక స్కానింగ్ చేయించాలి.